మంగోలియా బిళ్ళ చెప్పినంతవరకే

మీ ఇంట్లో ఏళ్ళ తరబడి దాచుకున్న ఒక వస్తువును చూపించి మీరు పదిమందికి చెప్పే కథలో, ఆ వస్తువు చెప్పింది ఎంత, మీరు చేర్చింది ఎంత? ఎప్పుడైనా విడదీసి చూశారా? చూడలేదని నా అనుమానం. నేనూ ఉద్యోగం నేర్పేదాకా చూడలేదు.

1946 వేసవిలో నన్ను నంద్యాలకు వేశారు. యుద్ధం ముగిసి సిపాయిలు ఊళ్ళకు తిరిగివస్తున్న రోజులు. వాళ్ళ పింఛన్లు, పతకాలు, తిరిగిరానివాళ్ళ కుటుంబాల అర్జీలు చూసే కార్యాలయంలో నేను సంక్షేమ ఇన్‌స్పెక్టరుని. పేరుకు ఇన్‌స్పెక్టరే గాని ఉత్తర్వు ఇచ్చే అధికారం లేదు. ఊరికి వెళ్ళి విచారించి, చూసింది రాసి, పై అధికారి అయిన సెక్రటరీకి పంపాలి. ఆయన దాన్ని సైన్యం రికార్డు ఆఫీసుకు పంపుతాడు. అక్కడి గుమాస్తా నంద్యాలను ఎన్నడూ చూసి ఉండడు. అతనికి కనిపించేది నా వాక్యం ఒక్కటే. ఆ వాక్యాన్ని బట్టి ఒక ఇంట్లో పొయ్యి వెలిగేది, లేదా ఆరేది.

నంద్యాలలో నాకు ఇల్లు దొరకలేదు. ఇల్లుగల ప్రతివాడూ అద్దె కంటే ముందు కులం అడిగేవాడు. కులం చెప్పనని హేతువాద సభల్లో నిలబడి ప్రతిజ్ఞ చేసినవాణ్ణి, రెండు గదుల కోసం చెబుతానా? చివరికి ఒక పత్తి మిల్లు యజమాని గోదాము మీది గది ఇచ్చాడు. మిల్లు ఆగిన తరువాత ఆ వీధిలో నాతో మాట్లాడే మనిషి ఉండేవాడు కాదు. దేవుడు లేడని వాదించేవాడి మాట వినడానికి హోటల్లో బల్ల చుట్టూ మూగుతారు. అతన్ని ఇంటికి భోజనానికి మాత్రం పిలవరు. ఇది ఫిర్యాదు కాదు, పరిస్థితి. ఆ ఖాళీ సమయంలోనే నాకు బిళ్ళల పిచ్చి పట్టింది.

యుద్ధకాలంలో మన లారీ డ్రైవర్లు చాలామంది పర్షియాలో పనిచేశారు. రేవుల్లో దిగిన సరుకును కొండదారుల్లో తీసుకెళ్ళి రష్యా సేనకు అప్పగించేవారు. అప్పగించే చోట రెండు సేనల డ్రైవర్లూ కలిసేవారు. ఒకరి భాష ఒకరికి రాదు. సిగరెట్లు ఇచ్చి బిళ్ళలు పుచ్చుకునేవారు. అలా స్టాలిను సైన్యపు బిళ్ళలు కందిపప్పు మూటల మధ్య నంద్యాల స్టేషనులో దిగాయి.

పతకం వేరు, బిళ్ళ వేరు. పతకం రిబ్బను గుడ్డకు వేలాడుతుంది. బిళ్ళ కోటుకు అతుక్కుంటుంది. రష్యా బిళ్ళకు వెనుక చిన్న మరమేకు ఉంటుంది. కోటుకు రంధ్రం చేసి, లోపలినుంచి గుండ్రటి నట్టు బిగిస్తారు. అందుకే నేను ముందు వెనకవైపు చూసేవాణ్ణి. ముఖం ఎవడైనా పోత పోయగలడు. వీపును అంత జాగ్రత్తగా పోసేవాడు అరుదు. ఒకే పతకం యుద్ధం మొదట్లో చిన్న ఎర్రటి చతురస్రపు గుడ్డకు వేలాడి, తరువాత ఐదు మూలల గుడ్డకు మారింది. రష్యాకు మిత్రదేశమైన మంగోలియా పాత పతకాల మీద అక్షరాలు పైనుంచి కిందికి దిగుతాయి. తరువాతివాటి మీద రష్యా లిపి ఉంటుంది. ఇలాంటి తేడాలు చెప్పే పుస్తకం నాకు దొరకలేదు. పలచటి కాగితాన్ని బిళ్ళ మీద పరచి పెన్సిలుతో రుద్ది, పడిన అచ్చును తేదీ వేసి దాచుకునేవాణ్ణి. మరో మనిషి మరో బిళ్ళ తెస్తే రెంటినీ పక్కపక్కన పెట్టేవాణ్ణి. నా విద్య మొత్తం అంతే.

నంద్యాలలో హుసేన్ సాబ్ అనే డ్రైవరు ఉండేవాడు. పర్షియా నుంచి వచ్చి బస్సు నడుపుతున్నాడు. నా గదికి మెట్లెక్కి వచ్చే ఏకైక మనిషి అతనే. తన బిళ్ళ తానే తెచ్చి చూపించాడు. దాని మీద స్టీరింగు చక్రం ఉంది, మేలైన డ్రైవర్లకు రష్యా సేన ఇచ్చుకునేది. నేను అచ్చు తీస్తుంటే నవ్వాడు.

"ఏం సార్, దేవుని పటం పెట్టుకోవు గానీ రస్యావోని బిళ్ళలకు రోజూ పూజ చేస్తాండావే!"

పూజ కాదు, పరీక్ష అన్నాను. "రెండిట్లోనూ ముందర కూకోని కండ్లార్పకుండా సూసేదే గదా," అన్నాడు. అచ్చు తీయడం ముగించి తేదీ వేశాను.

మరుసటి ఏడు మొదట్లో ఓబులేసు ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. ఆళ్లగడ్డ పక్క పల్లెవాడు, 1942లో లారీ డ్రైవరుగా చేరాడు. పర్షియాలో ఒక రాత్రి శిబిరం నుంచి మాయమయ్యాడు. మొదట ఆచూకీ లేనివాడని రాశారు. తరువాత ఊరి కరణం నుంచి ఒక నివేదిక వెళ్ళింది. అతని తల్లి దగ్గర రష్యా సైనిక బిళ్ళ ఉందని, కొడుకు రష్యా సేనలో పెద్ద హోదాలో ఉన్నాడని ఆమే చెప్పుకుంటోందని అందులో ఉంది. అబద్ధమేమీ కాదు, ఆమె అన్నదే కరణం రాశాడు. ఆ నివేదికతో ఓబులేసు సేన విడిచి పారిపోయినవాడయ్యాడు. తల్లికి వచ్చే కుటుంబ భత్యం ఆగిపోయింది. అప్పీలు వచ్చినందున మళ్ళీ విచారించమని నాకు పని పడింది.

హుసేన్ సాబ్ బస్సులోనే ఆళ్లగడ్డకు వెళ్ళాను. ఆ ఏటి పార్వేట అప్పుడే ముగిసింది. అహోబిలం స్వామి పల్లకి ఎక్కి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగే వేడుక అది. ఆ సంగతి నాకు ఎందుకంటే, ఓబులేసు తల్లి నాగమ్మ, కొడుకు పర్షియా నుంచి జాబు లేకుండా పంపిన ఆ బిళ్ళను ప్రతి ఏడూ పల్లకి ముందు పళ్ళెంలో పెట్టి పసుపు కుంకుమ పూయించేది. ఊళ్ళో ఆమెను రష్యా నాగమ్మ అనేవాళ్ళు. దారి చూపిన ఆసామి ఆమె గుమ్మం ముందే అరిచాడు.

"ఏమ్మో రస్యా నాగమ్మా! నీ కొడుకు పంపిచ్చినాడేమో, సూటూ బూటూ ఏసుకోని దొర వచ్చినాడు సూడు!"

"వచ్చినాడులే. నీ కొడుకు ఆత్మకూరు సంత దాటి యాడికీ పోలేదు, నీకేం తెలుస్తాది!" అంటూ ఆమె బయటికి వచ్చింది.

యాభై దాటిన మనిషి. బిళ్ళను పళ్ళెంతో సహా నా ముందు పెట్టింది. పసుపు కుంకుమ పేరుకుని పెచ్చు కట్టింది. వెనక్కి తిప్పాను. మరమేకు ఉంది, నట్టు లేదు. రష్యా టంకసాల పనితనమే. ముందువైపు పెచ్చు కింద కత్తి ఎత్తి గుర్రం మీద దూకుతున్న రౌతు ఆకారం లీలగా తెలిసింది. ఆ గుర్రపు కాళ్ళను నేను ఎరుగుదును. మన జిల్లాలోని డోన్ నుంచి వచ్చిన ఒక ఆసుపత్రి సిపాయి దగ్గర అలాంటిదే చూసి అచ్చు తీశాను, దాని సంగతీ అతని నోట విన్నాను. తయారైంది రష్యాలోనే అయినా అది రష్యా బిళ్ళ కాదు, మంగోలియాది. 1939లో ఆ దేశపు సరిహద్దులో జపానుతో జరిగిన పోరులో నిలిచినవారికి, మంగోలియా ప్రభుత్వం తరువాత ఇచ్చింది. రష్యా సిపాయిలకూ ఇచ్చింది. సంవత్సరం కింద పట్టీ మీద ఉంటుంది. సరిగ్గా అక్కడే పెచ్చు మందంగా ఉంది.

పోలిక చాలదు, సంవత్సరం కనబడాలి. తుడవమన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"స్వామి ముందర పూసిన కుంకుమప్పా అది. తుడిస్తే ఏమన్నా అయితే?"

నా నాలుక మీదికి ఉపన్యాసం ఒకటి వచ్చింది, సభల్లో ఎన్నోసార్లు చెప్పిందే. కానీ బిళ్ళ ఆమెది, నేను విచారణకు వచ్చిన ఉద్యోగిని. కింద తేదీ ఉంటుందని, అది తెలిస్తే ఈ బిళ్ళ ఎవరికి ఇచ్చిందో చెప్పగలనని మాత్రం అన్నాను. పళ్ళెం తన దగ్గరికి లాక్కుంది.

"తుడిస్తే నా కొడుకు సంగతి తెలుస్తాదా?"

"బిళ్ళ సంగతి తెలుస్తుంది."

పైట కొంగు తడిపి తానే తుడిచింది. 1939 బయటపడింది. నా అచ్చు కాగితాన్ని పక్కన పెట్టాను. రౌతు, జెండా, పట్టీ, అంకెలు, అన్నీ సరిపోయాయి.

ఆ ఏడు కొడుకు ఎక్కడ ఉన్నాడని అడిగాను.

"యాడ ఉంటాడు? ఈడనే. బుడ్డ సేన్లో గుంటక తోల్తాండె. మిలిట్రీ మాటే లేదప్పుడు."

ఆ ఏడు వేరుశనగ చేలో సేద్యం చేస్తున్నాడంటే ఈ బిళ్ళ అతనికి ఇచ్చింది కాదు, మరెవరికో ఇచ్చింది అతని చేతికి వచ్చింది, కనుక దీన్ని బట్టి అతను రష్యా సేనలో చేరాడని అనడానికి వీల్లేదు అని వివరించాను. మచ్చ పోతుందని, భత్యం తిరిగి వస్తుందని సంతోషంగానే చెప్పాను. ఆమె ముఖంలోకి సంతోషం రాలేదు.

"అయితే వాడు రస్యాలో లేడా?"

అప్పుడు నాకు అర్థమైంది. ఊరంతా నింద అనుకున్నదాన్ని పట్టుకునే ఈ మనిషి ఇన్నాళ్ళు నిలబడింది. పారిపోయినవాడు బతికి ఉంటాడు. ఆచూకీ లేనివాడి సంగతి ఎవరూ చెప్పలేరు.

"లేడని బిళ్ళ చెప్పదు," అన్నాను. "ఉన్నాడనీ చెప్పదు."

"మీ కాగితమో?"

"కనబడలేదని మాత్రమే రాస్తాను."

"సచ్చినాడని రాయవు గదా?"

"రాయను. దానికి సాక్ష్యం లేదు."

లోపల మేక అరుస్తూ ఉంది. లేచి వెళ్ళి దానికి ఇంత ఆకు వేసి వచ్చి, వేలు చాపింది. "సిరా ఎయ్యి." రష్యా సేన సంగతి కొడుకు చెప్పగా విన్నది కాదని, బిళ్ళను చూసి తాను ఊహించుకున్నదని ఆమె ఇచ్చిన వాంగ్మూలం చదివి వినిపించి వేలిముద్ర తీసుకున్నాను. అప్పుడు ఆమె బిళ్ళను నా సంచి మీద పెట్టింది.

"ఇది వాడిది గాదంటివి. ఎవురిదో సొమ్ము నా ఇంట్లో ఎందుకు? నువ్వే తీస్కపో."

అర్జీదారుల వస్తువు తీసుకోవడం నిబంధనలకు విరుద్ధం. విచారణ కోసమని రసీదు రాసిచ్చాను. ఆ రసీదు పొయ్యి పక్కన పడేసింది.

తిరుగు ప్రయాణంలో హుసేన్ సాబ్ బస్సు ఆపి బిళ్ళను చేతిలోకి తీసుకున్నాడు. స్టీరింగు మీద పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు.

"ఇది సిగరెట్లకు ఇచ్చేది గాదు సార్. పోరులో వచ్చినదాన్ని ఎవడిస్తాడు? దోస్తయితే ఇస్తాడు."

ఆ మాట నివేదికలో రాయలేదు. అది అభిప్రాయం, సాక్ష్యం కాదు. కానీ గోదాము మీది గదిలో ఆ బిళ్ళను దీపం ముందు పెట్టుకున్న సాయంత్రాల్లో, రాసిన నివేదిక కంటే రాయని ఆ మాటే ఎక్కువ గుర్తుకొచ్చేది. భాష రాని ఇద్దరు మనుషులు కలిశారు. నంద్యాలలో అందరి భాషా నాకు వచ్చు.

కొన్ని నెలలకు ఉత్తర్వు వచ్చింది. ఓబులేసు పేరు మీద పారిపోయినవాడన్న మాట కొట్టేసి, ఆచూకీ లేనివాడని రాశారు. భత్యం మళ్ళీ మొదలైంది. ఫైలు మూసినాక బిళ్ళ తిరిగి ఇవ్వడానికి వెళ్ళాను. హుసేన్ సాబ్ మాటను, అది అతని ఊహ మాత్రమేనని ముందే చెప్పి, నాగమ్మకు చెప్పాను.

"ఆ దోస్తు పేరేంది?" అంది.

"తెలియదు."

"ఊఁ," అంది. బిళ్ళ తీసుకోలేదు. ఊళ్ళో అప్పటికి ఆమెను రష్యా నాగమ్మ అనడం మానేశారు. గుమ్మంలో నిలబడి ఎవరితోనూ తగువు పెట్టుకోవడం కూడా కనబడలేదు. ఓబులేసు సంగతి నేను పదవీ విరమణ చేసేదాకా ఏ కాగితంలోనూ తేలలేదు.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఒక పద్ధతి. వస్తువు తన భాగం చెప్పి ఆగిపోతుంది. ఆగినచోట నుంచి ఊరు నిందతో పూరిస్తుంది, తల్లి ఆశతో పూరిస్తుంది, హేతువాది తొందరపడితే తన గెలుపుతో పూరిస్తాడు. మూడూ కల్పనలే. కనబడలేదన్న మాట చేదుగా ఉన్నా దాన్ని తియ్యగా మార్చే హక్కు ఎవరికీ లేదు. చచ్చాడని మార్చే హక్కూ లేదు.

కనుక ఇప్పుడే లేవండి. మీ ఇంట్లో కుంకుమ పెచ్చు కట్టిన ఆ పాత బిళ్ళనో, పటాన్నో, తాయెత్తునో తీయండి. దాన్ని దాచుకున్నవారి అనుమతి అడిగి, వారి చేతనే తుడిపించండి. వెనక్కి తిప్పి చూడండి. అందులో ఉన్నంతవరకే రాయండి. తెలియని చోట తెలియదని రాసి, కింద సంతకం పెట్టండి.