గింజ ముట్టని పుంజు

చింతపల్లిలో నేను అద్దెకున్న ఇంటావిడకి ఒక ఎర్ర పుంజు ఉండేది. తల్లికోడిని అడవిపిల్లి ఎత్తుకుపోతే, ఆ పిల్లని పొయ్యి పక్కన బుట్టలో పెట్టి ఆవిడే పెంచింది. ఆ ఏడు కాఫీ కోతకు ముందు దాన్ని తోటలో అమ్మోరికి ఇస్తానని ఆవిడ భర్త మొక్కుకున్నాడు. ఆవిడ ఔననలేదు, కాదనలేదు. మొక్కు రోజు దగ్గరపడేకొద్దీ ఆవిడకి అన్నం మాత్రం సయించడం మానేసింది.

ముందు రోజు ఆదివారం. చలికి కాలు బయటపెట్టబుద్ధి కాక, మధ్యాహ్నం లాప్‌టాప్‌లో డబ్బింగ్ సినిమా పెట్టాను. ఆవిడ రాజ్మా కాయలు ఒలుచుకుంటూ పక్కన కూర్చుంది. లోకమంతా పాడైపోయి ఒక్క మేడే మిగిలిన కథ అది. పై అంతస్తుల వాళ్ళకి ఎండా, మంచినీళ్ళూ. అడుగువాళ్ళకి యంత్రాలూ, గంజీ. చివరికి అడుగువాళ్ళు తిరగబడతారు. వాళ్ళ నాయకుడు ఒకణ్ణి ఎంచి యంత్రం గదిలోకి పంపుతాడు. వాడు యంత్రంతోపాటే కాలిపోతాడు, పైకి వెళ్ళే తలుపులన్నీ తెరుచుకుంటాయి. నాకు కళ్ళు చెమర్చాయి. పాఠం చెప్పే నోరు ఊరుకోదు కదా, "త్యాగమంటే అదమ్మా" అన్నాను.

"ఆడికి గింజలెట్టారా మాస్టారూ?" అందావిడ.

బలికి ముందు కోడి ఎదుట ఆకులో బియ్యం పోయడం వాళ్ళ ఆనవాయితీ. తనంతట తాను పొడుచుకు తింటే కోడి ఒప్పుకున్నట్టు. ముట్టకపోతే ఎవరూ కత్తి ఎత్తకూడదు.

"పైనోళ్లు ఆడినెప్పుడూ అడగనేదు. సొంతోళ్లయినా అడగాల కదేటి" అని మళ్ళీ కాయల్లో పడింది. అంత గొప్ప సినిమా చూపిస్తే గింజల దగ్గరే ఆగిపోయిందని నాకు ఒళ్ళు మండింది.

తెల్లారి ముగ్గురం తోటకి వెళ్ళాం. మిరియాల తీగల కింద రాయికి పసుపు రాసి, ఆవిడ భర్త ఆకులో బియ్యం పోశాడు. నిజం చెప్పొద్దూ, నా ధ్యాసంతా కోడికూర మీదే. పుంజు బియ్యం వంక చూసి పక్కకి తిరిగింది. "తినరా నాయనా, బేగి తిను" అని ఆయన ఆకు జరిపి బతిమాలాడు. అది ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకుంది. కాసేపు చూసి ఆయన కత్తి సంచిలో పెట్టేశాడు.

"ఒద్దంటన్నాది. ఇడిసేద్దుం" అన్నాడు.

తిరిగి వస్తుంటే ఆయన ముందు నడుస్తున్నాడు. ఆవిడ కొంగు సర్దుకోడానికి పుంజుని నా చేతికిచ్చింది. మెడ కింద గింజల తిత్తి నిండి గట్టిగా తగిలింది. నేను ఆవిడ మొహం వంక చూశాను.

"పొద్దున్నే సోళ్ల గింజలెట్టేను" అంది, ఆయనకి వినబడకుండా. "ఆకలితో ఉన్నోడు గింజ ముడితే ఒప్పుకున్నట్టేటి మాస్టారూ? కడుపు నిండాక అడగాల."

ఆ మధ్యాహ్నం గుమ్మడికాయ కూర. ఆవిడ మారు వడ్డించుకుని తింది. నేనూ తిన్నాను.