నామం మీద కూర్చున్న కళ్ళద్దాలు

1946 వేసవిలో తిరుపతిలోని ఒక కళ్ళద్దాల దుకాణంలో పని నేర్చుకోవడానికి చేరాను. తత్త్వశాస్త్రంలో బి.ఏ. పాసై ఉన్నాను గనుక, స్కేలు పట్టుకోవడం తప్ప మిగతావన్నీ వచ్చనుకున్నాను. యజమాని దేవదాసుగారు మద్రాసులో పని నేర్చిన క్రైస్తవుడు. డాక్టరు రాసిచ్చిన చీటీ ప్రకారం అద్దాలు అమర్చడం వరకే మా వృత్తి.

మొదట నేర్పింది, కాగితం మీద అడ్డంగా, నిలువుగా రెండు గీతలు గీసి, వాటి మీద అద్దాన్ని కదపడం. గీతలు విరగకుండా కనిపించిన చోట సిరాచుక్క పెట్టాలి. అది అద్దం కేంద్రం. ఆ చుక్కలు కనుపాపలకు ఎదురుగా రావాలి. దూరానికీ దగ్గరికీ ఒకే అద్దమైతే, దాని కింది భాగంలో ఉండే చదువుకునే ముక్క పై అంచు కింది రెప్ప దగ్గర ఆగాలి. బియ్యపుగింజ మందం పైకి పోయినా దారి మసకబారుతుంది.

నాకు ఒంటరిగా అప్పగించిన మొదటి ముఖం వరదాచార్యులుగారిది. ఉత్సవాల్లో స్వామి వాహనానికి ముందు నడుస్తూ ఆళ్వారుల పాశురాలు చదివే గోష్ఠిలో ఆయనది ముందు వరుస. పుస్తకమూ కనపడాలి, వీధీ కనపడాలి. అప్పటికే ఒకసారి తూలి పక్కాయన మీద పడ్డారు. మళ్ళీ తూలితే ఆ చోటు దాయాదికి ఇస్తామని పెద్దలు చెప్పేశారు.

ఆయన శాఖవారి నామానికి తెల్లటి పాదం ముక్కు మీదికి దిగుతుంది. ఫ్రేము ఆనే చోట తిరుమణి సుద్ద ఉండటం శాస్త్రీయం కాదని తోచి, ముఖం కడుక్కోమన్నాను. తర్వాత చాలా శాస్త్రీయంగా కొలిచాను.

అద్దాలు ఇచ్చిన మర్నాడే వచ్చారు. "ఏమప్పా, అద్దాలు పెట్టినావా, పొగమంచు పెట్టినావా? వీధంతా మసక!"

మళ్ళీ ముఖం కడిగించి, కొలిచి, అంతా సరిగ్గా ఉందని నిరూపించాను. ఆయనకూ స్పష్టంగా కనిపించింది. ఇద్దరం సంతోషించాం. ఆ సాయంత్రం ఆయన నామం దిద్దుకుని బయల్దేరి, గుడి మెట్టు తప్పారు.

ఉత్సవం రెండు రోజులుందనగా మూడోసారి వచ్చినప్పుడు దేవదాసుగారు దుకాణంలో ఉన్నారు. ముఖం కడగబోతున్న ఆచార్యులవారిని ఆపి, పక్కనుంచి చూశారు.

"ఫ్రేము ముక్కు మీద లేదబ్బా, నామం మీద కూసోనుండాది. సదివే ముక్క పైకొచ్చి కంటికి అడ్డం పడతా ఉండాది. రెండు మార్లు కడిగించినావే, ఈయన ముఖం కడుక్కోని ఊరేగింపుకు పోతాడా?" అని, కాస్త ఆగి, "మీ నాయన ముఖమైనా ఎప్పుడూ సూడలేదా?" అన్నారు.

మా నాయనదీ అదే నామం. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను, ఎప్పుడూ కొలవలేదు.

దేవదాసుగారు పట్టకారుతో ముక్కుపట్టీలను వెడల్పు చేసి, ఫ్రేమును కిందికి దించారు. ఐదు నిమిషాల పని. ఆచార్యులవారు నాలుగు మాడవీధులూ తూలకుండా తిరిగారు. దాయాది ఆ ఏడాది కూడా రెండో వరుసలోనే నడిచాడు.

వారం తర్వాత ఆచార్యులవారు మళ్ళీ వచ్చారు. ఇంట్లో నామం లేకుండా పేపరు చదవబోతే అక్షరాలు అందటం లేదట. "పేపరు చదవడానికి కూడా నామం పెట్టుకోవాల్నా?" అన్నారు. పెట్టుకుంటే మంచిదేనని దేవదాసుగారు భక్తిగా సెలవిచ్చారు.

ఒక జత అద్దాలు ఒక పనికే కుదురుతాయి. ఆ పని ఏమిటో కొలతకు ముందే అడగాలి. తర్వాత అడిగితే దాన్ని ఫిర్యాదు అంటారు.