ఇంకొక్కసారి నొక్కి ఉంటే

డిగ్రీ అయిపోయి రెండేళ్ళయినా నాకు ఒక్కచోట కుదురుగా కూర్చోవడం చేతకాలేదు. మా ఇల్లు చిక్కడపల్లిలో. పొద్దున అశోక్‌నగర్‌లో గ్రూప్ వన్ కోచింగ్‌కు పోయేదాన్ని, మధ్యాహ్నం నుంచి అదే గల్లీలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేదాన్ని. కోచింగ్ మా నాయన కోరిక. కంప్యూటర్లు నా పిచ్చి. ఒకసారి ప్రిలిమ్స్ పోయింది. మళ్ళీ రాయమన్నారు. పుస్తకం తెరిస్తే చాలు, కాళ్ళు వాటంతటవే ఊగేవి. "కాళ్ళు ఊపకే, ఇంటికి మంచిది కాదు" అని అమ్మ అరిచేది. కాళ్ళు ఆపితే వేళ్ళు బల్ల మీద దరువేసేవి.

సెంటర్ అంటే మొదటి అంతస్తులో ఒక కిరాయి గది. అందులోని ఏసీ కంప్యూటర్ల కోసమే గానీ మనుషుల కోసం కాదు. చెప్పులు బయట విడిచి రావాలి. ఒక బ్యాచ్ పోయి ఇంకో బ్యాచ్ వచ్చేలోపు గది ఖాళీగా ఉండేది. ఆ కాసేపు నేను యుద్ధవిమానం నడిపేదాన్ని. ఎవరో ఫ్లాపీల్లో తెచ్చి ఒక మెషిన్‌లో ఎక్కించిపోయిన ఆట. కింద ఆకుపచ్చ నేల, పైన నీలం, మధ్యలో గీతలూ అంకెలూ. దూరంగా చుక్కలా కనబడే శత్రువిమానం వెనక పడి కూల్చాలి. సెంటర్‌లో ఆ ఆటలో నన్ను మించినవాళ్ళు లేరు.

ఒక మధ్యాహ్నం విమానాన్ని గిర్రున తిప్పుతుంటే వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"అమ్మా, అది అబద్ధం."

తిరిగి చూశాను. రెండో బ్యాచ్‌లో కొత్తగా చేరిన పెద్దాయన. యాభై దాటి ఉంటాయి. నారాయణగూడలో ఉంటారు. అన్నగారి మందుల ఏజెన్సీలో లెక్కలు కంప్యూటర్‌లోకి మారుస్తున్నారని నేర్చుకోవడానికి వచ్చారు. ఆయన మెడ తిరగదు. పక్కకు చూడాలంటే నడుము నుంచి మనిషి మొత్తం తిరగాలి.

"ఏది అబద్ధం సార్?"

"అంత గట్టిగా తిప్పావు కదా, వేగం పడిపోవాలి. పడలేదు. వేగం పెంచే లివర్ నెట్టగానే ఇంజిన్ పలికింది. జెట్ ఇంజిన్ అలా పలకదు. నెట్టాక కాసేపు ఆలోచించుకుంటుంది. ఆ కాసేపట్లోనే ప్రాణాలు పోతాయి."

"మీకెట్ల తెలుసు సార్?"

"నడిపాను" అన్నారాయన, నిన్న స్కూటర్ నడిపానన్నట్టు.

ఆ రోజు నుంచి ఆయన బ్యాచ్ కంటే ముందే వచ్చేవారు. ఆటలో ఒక్కో తప్పూ పట్టుకునేవారు. రాడార్ నేల దగ్గర ఉన్న విమానాన్ని కూడా అంత శుభ్రంగా చూపించదట. కొండలూ చెట్లూ తిప్పికొట్టే ప్రతిధ్వనుల్లో అది కలిసిపోతుందట. తెర మీద చుక్క ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. పైలట్ సగం కాలం అనుమానంతోనే ఎగురుతాడట. ఆయన చెబుతుంటే నాకు నా ఆట మీద చిరాకు పుట్టింది. ఇన్నాళ్ళూ నేను గెలిచినవన్నీ ఉత్తుత్తివే అనిపించింది. సెట్టింగుల్లోకి పోయి అన్నీ కష్టంగా ఉండేలా మార్చాను. విమానం నా మాట వినడం మానేసింది. నాకది బాగా నచ్చింది.

ఒక రోజు ఆయన ఉన్నట్టుండి అడిగారు. "నేల నుంచి లేచిన కొద్దిసేపటికే ఇంజిన్ ఆరిపోయేలా చెయ్యగలవా?"

"ఎందుకు సార్?"

మానిటర్ వైపే చూస్తూ చెప్పారు. అప్పుడాయనకు ముప్పై లోపే. ఉత్తరాదిలో ఒక వైమానిక స్థావరం. విమానం పైకి లేచి చక్రాలు లోపలికి తీసుకున్న కాసేపటికే ఇంజిన్‌లోకి ఒక గద్ద దూసుకుపోయింది. ఢబ్ ఢబ్ మని చప్పుడు, తర్వాత నిశ్శబ్దం. ఉన్న వేగంతో విమానాన్ని కొంచెం పైకి ఎత్తారు. లివర్ మూసి, మళ్ళీ మంట వెలిగించే బటన్ నొక్కారు. గేజ్‌లో వేడి పెరిగింది, ఇంజిన్ చక్రం మాత్రం వేగం అందుకోలేదు. నేల దగ్గరకొచ్చేస్తోంది. పైలట్‌ను సీటుతో సహా బయటకు విసిరే హ్యాండిల్ లాగారు. విమానం ఆవాల చేలో పడింది. కింద ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన వెన్నుపూసలు మాత్రం ఆ విసురుకు నలిగిపోయాయి. తర్వాత ఎగరనివ్వలేదు.

"విచారణలో నేను చేసింది సరైనదే అన్నారు. కానీ నాతో శిక్షణ పొందినవాడొకడు, మంచి స్నేహితుడే, మెస్‌లో కూర్చుని అన్నాడు. 'ఇంకొక్కసారి నొక్కి ఉంటే ఇంజిన్ పట్టుకునేదేమోరా' అని. ఊరికే అన్నాడు. వాడు మరిచిపోయి కూడా ఉంటాడు."

ఆట మొదలుపెట్టి, విమానం లేవగానే ఇంజిన్ ఆపేశాను. ఆయన బటన్ నొక్కారు. ఇంజిన్ వెంటనే వెలిగింది. మళ్ళీ చేశాం. మళ్ళీ వెలిగింది. ఎన్నిసార్లు ఆపినా ఆ ఆట ఆయనను కాపాడుతూనే ఉంది. మొదట నవ్వారు. తర్వాత ముఖం ముడుచుకుంది.

"ఇది నన్ను బుజ్జగిస్తోందమ్మా. దీనికేం తెలుసు?"

నాకు ఆ రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు. మర్నాడు కోచింగ్ ఎగ్గొట్టి సెంటర్‌కు పోయి సొంతంగా ఒక ప్రోగ్రాం మొదలుపెట్టాను. బొమ్మలు లేవు. నల్ల తెర మీద నాలుగు అంకెలు మారుతుంటాయి: ఎత్తు, వేగం, ఇంజిన్ చక్రం తిరుగుడు, జెట్ పైపు వేడి. లివర్‌కు ఒక కీ, బటన్‌కు ఒకటి, సీటు హ్యాండిల్‌కు ఒకటి. విమానం జారుతుంటే ఎత్తు ఎంత పోతుంది, గాలి తోపుకు చక్రం ఎంత తిరుగుతుంది, అన్నీ ఆయన చెబుతుంటే నేను రాసుకుంటూ పోయాను. మధ్యలో కరెంటు పోయి యూపీఎస్ కుయ్ కుయ్ మంటుంటే ఇద్దరం హడావిడిగా సేవ్ చేసేవాళ్ళం.

ఒక దగ్గర ఆగిపోయాను. "గద్ద తగిలి ఇంజిన్ చక్రానికి ఎన్ని రెక్కలు వంగినయి సార్? అది తెల్వకుంటే ముందుకు పోదు."

"ముందు వరసలో వంగాయన్నారు. ఎన్నో నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు."

తెలియనిదాన్ని తెలియనట్టే ఉంచుదామనుకున్నాను. ప్రతిసారీ యంత్రమే ఏదో ఒక సంఖ్య ఎంచుకుంటుంది. అదేమిటో మాకు చూపించదు.

ఆయన నడపడం మొదలుపెట్టారు. కొన్నిసార్లు ఇంజిన్ పట్టుకుంది. కొన్నిసార్లు ఎత్తు సున్నా అయి తెర ఆగిపోయింది. పట్టుకున్నప్పుడు "చూశావా, చూశావా!" అని బాధగా అనేవారు. పట్టుకోనప్పుడు బిగుసుకుపోయేవారు. పాఠాలు వదిలేశారు. రోజూ అదే. హ్యాండిల్ లాగడం అంతకంతకూ ఆలస్యం చేస్తున్నారు. ఎప్పుడైనా బేగంపేట ఎయిర్‌పోర్టులో దిగే విమానం పైనుంచి పోతే ఆయన చెయ్యి కీల మీదే ఆగిపోయేది. నాకు లోపల పరేషాన్ మొదలైంది. ఆయనకు జవాబు ఇద్దామని కూర్చుని జూదం చేతికిచ్చానా అనిపించేది. ఆపమని అనలేను. ఒక్కసారి వెలిగితే చాలని నేనూ కుర్చీ అంచున కూర్చుని చూసేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఆయన భార్య వచ్చారు. చేతిలో నారాయణగూడ మార్కెట్ నుంచి తెచ్చిన కూరగాయల సంచి, అందులోంచి తోటకూర బయటకు తొంగిచూస్తోంది. చెప్పులు విడిచి లోపలికొచ్చి ఆయన వెనక నిలబడ్డారు. ఆయన చూసుకోలేదు.

"ఏవండీ, లెక్కలు నేర్చుకుంటున్నారని మీ అన్నయ్య అనుకుంటున్నారు. ఇదేంటి?"

ఆయన మొత్తం తిరిగి చూశారు. నేనే చెప్పాను, ఏ అంకె ఏమిటో, ఏ కీ ఏమిటో. ఆమె శ్రద్ధగా విన్నారు.

"నేను కూర్చోవచ్చా అమ్మా?"

"కూసోండి ఆంటీ."

సంచి కింద పెట్టి కూర్చున్నారు. ప్రోగ్రాం నడిపాను. ఇంజిన్ ఆరింది. అంకెలు పడడం మొదలయ్యాయో లేదో, ఆమె వేలు హ్యాండిల్ కీ మీద టక్కున పడింది.

"అదేంటి? ఇంజిన్‌ని చూడనేలేదు నువ్వు!" అన్నారాయన.

"ఇంజిన్ ఎవరిక్కావాలి? మీరు దిగారు కదా."

నాకు నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు. "అలా కాదు, కాస్త ప్రయత్నించాలి..."

ఆమె కుర్చీలోనే ఆయన వైపు తిరిగారు. "ఆ రోజు నేను క్వార్టర్స్ బయట బట్టలు ఆరేస్తున్నాను. పెద్దాడు కడుపులో ఉన్నాడు. చేల వైపు పొగ లేచింది. మీ పారాచూట్ తెరుచుకుందని ఎవరో జీపులో వచ్చి చెప్పేదాకా ఆ పొగనే చూస్తూ నిలబడ్డాను. ఆ కాసేపు ఎంతో ఈ యంత్రం లెక్క కడుతుందా?"

"నువ్వు పొగ చూశావా?" ఆయన గొంతు తగ్గిపోయింది. "ఎప్పుడూ చెప్పలేదే."

"మీరెప్పుడు అడిగారు? ఇన్నేళ్ళూ ఇంజిన్ సంగతే కదా మాట్లాడారు."

ఆయన వంగలేక వంగి, కూరగాయల సంచి తీసుకున్నారు. ఆమె వద్దన్నా ఇవ్వలేదు. ఇద్దరూ మెట్లు దిగిపోయారు.

కొన్నాళ్ళ తర్వాత మళ్ళీ వచ్చి లెక్కల కోర్సు పూర్తిచేశారు. చివరి రోజుల్లో ఒకసారి నేనే అడిగాను, ఆ ప్రశ్న పోయిందా అని. "పోలేదమ్మా" అన్నారు. "కానీ ఇప్పుడు దాని పక్కన ఇంకొకటి వచ్చి నిలబడింది. ఆవిడ అక్కడ ఎంతసేపు నిలబడింది అని. అడిగితే తెలియదంటుంది."

ఆ ఎండాకాలమే నేను మా నాయనతో చెప్పాను. "నాయనా, ఈసారి పరీక్ష రాయ."

"మరేం జేస్తవ్?"

"ప్రోగ్రాములు రాస్త."

"గదేం నౌకరి?" అని పేపర్ వెనక్కి పోయాడు. చాలా రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు, అంతే.

బాలానగర్ వైపు నీళ్ళ పంపులు చేసే ఒక కంపెనీలో పరీక్షల విభాగంలో చేరాను. పంపు తిరుగుతుంటే వేగం, వేడి, నీటి ఒత్తిడి కంప్యూటర్‌లోకి ఎక్కించి అది ఎప్పుడు చెడిపోతుందో ముందే చెప్పే ప్రోగ్రాములు రాసేదాన్ని. రోజూ రెండు బస్సులు మారి, చెవుల్లో హోరుతో ఇంటికొచ్చేదాన్ని.

ఒక ఆదివారం పొద్దున మా నాయన బనీను మీద తువ్వాలు వేసుకుని వచ్చి నా మంచం పక్కన నిలబడ్డాడు.

"మన బోరు మోటరు గంత మూలుగుతదేందే? జర వచ్చి చూస్తవా?"

లేచి ఆయన వెంట పెరట్లోకి పోయాను. మోటరు మీద చెయ్యి పెట్టాను. ఆయన కూడా పెట్టాడు.

"బేరింగు పోతున్నది నాయనా."

"ఎట్ల తెల్సే?"

"వణుకుతున్నది చూడు" అన్నాను. ఆయన చెయ్యి తియ్యకుండా అలాగే వింటూ నిలబడ్డాడు.