తొమ్మిది అంగల గది

మా బిడ్డ ఇక లేదని ఫోన్ వచ్చినప్పుడు నేను హాస్టల్ వంటింట్లో బియ్యం కడుగుతున్నాను. ఇథియోపియాలో ఆమెతోపాటు పాఠాలు చెప్పే మన తెలుగు మనిషే, ఒక సారు చేశారు. జ్వరం మూడు రోజులేనన్నారు. ఆ పూట అరవై మంది ఆడపిల్లలకు అన్నం ఎవరు వండారో నాకు గుర్తు లేదు. నెల దాటింది. ఇక్కడ ఆమె దగ్గర చదువుకున్న పిల్లలు కొందరు వచ్చి, అమ్మా, మేడం గురించి నువ్వే రాయి, మేము అచ్చు వేయిస్తాం అన్నారు. ఐదో తరగతితో బడి మానినదాన్ని. నాలుగు ముక్కలు రాసేసరికి చెయ్యి గుంజుతోంది.

అమీర్‌పేటలో ఆమె రెండేళ్లు కంప్యూటర్ కోర్సు చెప్పింది. బ్యాచ్‌కు రెండు వందల మంది, చేతిలో మైకు. వెనక కూర్చున్నవాళ్ల మొహాలు కూడా కనిపించవనేది.

"నా నోట్సు అందరు జిరాక్స్ తీసుకుంటరమ్మా. నా పేరు మాత్రం ఒక్కరికి తెల్వదు" అనేది.

అందుకే ఆ దేశం కాలేజీ వాళ్లు పిలిస్తే పోయింది. అక్కడ క్లాసుకు ముప్పై మందే. గుట్టల మీది ఊరట, అన్నం తొందరగా ఉడకదట. నా కుక్కరే సంచిలో పెట్టి పంపాను.

ఆదివారం పొద్దున ఫోన్ చేసేది. ఇల్లు ఎంత ఉంటుందే అని అడిగితే నవ్వింది. "పంజాగుట్ట షాపుల బట్టలు తొడుక్కొని చూసే గది ఉంటది గదా, గసొంటివి ఓ పది." తలుపు నుంచి కిటికీకి తొమ్మిది అంగలు, అడ్డం ఐదు అని చెప్పింది. వంట, పడక, పుస్తకాలు అన్నీ అందులోనే. ఆమె వదిలిపోయిన చాక్‌పీసుల డబ్బా పట్టుకుని మిద్దె మీదికి పోయాను. తొమ్మిది అంగలు వేసి గీత గీశాను. మంచం గీశాను, స్టవ్ గీశాను. మధ్యలో నిలబడితే నాకే ఊపిరాడలేదు. ఇంతలో బిడ్డ ఎట్లా మసులుతోందో అని, ఆనాటి నుంచి ప్రతి ఆదివారం ఒకటే పాట, వచ్చెయ్ బిడ్డా అని. వాన కడిగేస్తే గది మళ్లీ గీసేదాన్ని.

సెలవులకు వచ్చినప్పుడు ఆ గీతలు చూసి ఇదేంటని అడిగింది. చెప్పాను. నడుం పట్టుకుని నవ్వింది.

"నీ అంగలతోని కొలిచినవా? నువ్వు కోడిపిల్ల లెక్క నడుస్తవ్. నా అంగలతోని కొలువాలె గని."

చాక్‌పీసు తీసుకుని తనే నడిచింది. ఆమె తొమ్మిది నాకు పన్నెండయ్యాయి. కిటికీ నీళ్ల ట్యాంకు దాకా జరిగింది. అక్కడ పక్కింటి ముసలామె కాఫీ పట్టుకొచ్చి కూర్చునే చోటు కూడా గీసి చూపించింది. "ఈడ కూసుంటది. మూడు కప్పులు తాగేదాంక లేవనియ్యది."

ఆ గీతల మధ్య అటూ ఇటూ తిరిగే బిడ్డను చూస్తే నా మనసు కుదుటపడింది. తర్వాత వచ్చెయ్ అనడం మానేశాను.

చివరిసారి మాట్లాడినప్పుడు గొంతు నీరసంగా ఉంది. "జర అలిసిపోయిన అమ్మా. వచ్చెయ్యనా?" అంది.

"పిల్లల పరీక్షలు ఒడవనియ్యి బిడ్డా. నడుమ ఇడిసిపెట్టి వస్తె బాగుండదు" అన్నాను.

సరే అంది. పరీక్షలు రాకముందే పోయింది. గది ఆ మూడంగలు పెరగకపోయి ఉంటే ఆ రోజే రమ్మనేదాన్ని. ఈ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చదివే మీకు చెబుతున్నాను.

సారు వచ్చి కుక్కర్ ఇచ్చి వెళ్లారు. బిడ్డ పోయిన రోజు క్లాసు పిల్లలు ముప్పై మందీ ఆ గదిలోనే నిలబడ్డారట. అక్కడ టీచర్లను పేరు పెట్టే పిలుస్తారట. ఒక్కొక్కరూ ఆమె పేరు పిలిచి ఏడ్చారని చెప్పారు. ముప్పై మంది పట్టారా సారూ అని అడిగాను. పట్టారమ్మా అన్నారు.

మొన్నటి వానకు గీతలన్నీ పోయాయి. ట్యాంకు చాటున కిటికీ గీత ఒక్కటే తడవకుండా మిగిలింది. మళ్లీ గీసే ఓపిక లేదు. బట్టలు ఆరేయడానికి పోయినప్పుడు, తలుపు ఉన్నచోట చెప్పులు విడిచి లోపలికి పోతాను.