ఇనుములోని చలి

వీధంతా తాళాలమ్మ అని పిలిచే ఆ మనిషికి మొండితనం పుట్టుకతోనే వచ్చింది. భర్త పోయాక ఆయన పనిముట్ల పెట్టె, మూడు రోడ్ల మూల ఆయన కూర్చునే చోటు ఎవరినీ అడక్కుండా తనవి చేసుకుంది. ఆమె వేళ్లకు లొంగని తాళం లేదని పేరు. పోయిన చలికాలం మాత్రం వేళ్లు కొయ్యబారి, బడి గేటు తాళం తీయబోయి అందులోనే తీగ విరగ్గొట్టింది. ఆ తలవంపు ఇంకా మనసులోంచి పోలేదు.

పక్కవీధిలో బట్టలు కుట్టే కూతురు ఆ సంగతి పట్టుకుంది. "ఈ చలికాలం ఇంకొక్క తాళం చెడగొట్టావంటే పెట్టె సర్దేసి ఇంట్లో కూర్చోవాలి. సరేనా?" అంది.

ఒప్పుకోకపోతే భయపడినట్టు ఉంటుందని తల్లి ఒప్పేసుకుంది. కూతురు ఉన్ని గ్లౌజులు కూడా కొనిచ్చింది. అవి తొడుక్కుంటే తీగ కొసన ఏం జరుగుతోందో వేలికి తెలిసి చావదు. అందుకని అవి పెట్టెలోనే హాయిగా ఉన్నాయి.

మంచు కురిసిన ఒక పొద్దున కూతురే పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, కొట్టు తాళంలో తాళంచెవి విరిగింది. లోపల పెళ్లిబట్టలున్నాయి. వాళ్లు ఇప్పుడో ఇంకాసేపట్లోనో వచ్చేస్తారు."

"ఆ కొత్త తాళాల షాపు వాణ్ణి పిలవకపోయావా?"

"వాడింకా తెరవలేదు."

"అదీ సంగతి," అంటూ తల్లి పెట్టె ఎత్తుకుంది.

పక్క టీకొట్టు కుంపటి దగ్గర చేతులు కాచుకుని షట్టర్ ముందు చతికిలబడింది. విరిగిన ముక్క తేలిగ్గానే వచ్చింది. తాళమే రాలేదు. వేళ్లు తగిలాయో లేదో, ఇనుము వాటి వేడంతా లాగేసింది. మళ్లీ కాచుకుంది, మళ్లీ అంతే. తీగ లోపలెక్కడో పట్టేసింది. ఇంకాస్త తిప్పితే విరుగుతుంది. ఆమెకు నిజంగానే భయం వేసింది.

"వదిలెయ్యమ్మా, కోయిద్దాం."

"నువ్వు కాసేపు నోరు మూసుకో."

తీగను మెల్లగా బయటికి లాగింది. బడి గేటు దగ్గరా ఇదే పొరపాటని అప్పుడు తట్టింది. చలి ఇనుములో ఉంటే చేతులెంత కాచుకుని ఏం లాభం?

"కుంపటి తెచ్చి తాళం కింద పెట్టనా?" అంది కూతురు.

"బట్టల కొట్టు ముందు నిప్పా? బుద్ధుందా? నీ చేతులున్నాయిగా. రెండింటితో తాళం పట్టుకో, నేను చెప్పేదాకా వదలకు."

తను తీగల్ని గుప్పిట్లో పెట్టుకుని, రెండు చేతులూ చలికోటులోకి దూర్చి చంకల్లో అదుముకుంది.

"అమ్మా, వేళ్లు పోతున్నాయి."

"ఎక్కడికీ పోవు. పట్టుకో."

చివరికి తీగ దూర్చింది. తాళం లోపలి రేకులు ఒక్కొక్కటే పక్కకు జరగడం వేలికొసకు చక్కగా తెలిసింది. తాళం ఊడి వచ్చింది.

షట్టర్ ఎత్తబోయిన కూతురికి వేళ్లు వంగలేదు. తల్లే ఎత్తింది. పెట్టెలోంచి గ్లౌజులు తీసి కూతురి చేతులకు తొడిగింది.

"రోజూ ఇలాగే ఉంటుందా నీకు?" అంది కూతురు.

"అలవాటైపోయిందిలే."

పెళ్లివాళ్లు బట్టలు పట్టుకెళ్లాక కూతురు మిషన్ ముందు కూర్చుని చెయ్యి చాపింది.

"ఆ కోటు ఇలా ఇవ్వు. లోపలివైపు జేబు కుడతాను, తీగలు ఒంటికి ఆనుకుని ఉంటాయి."

తల్లి కోటు విప్పి ఇచ్చింది.

"పెద్దది కుట్టు," అంది. "ఎవరైనా తెచ్చిన తాళం కూడా పట్టాలి."