జొన్నచేనికి పెళ్ళి మేళం

హోసూరులో పిట్టల వల కొనుక్కొని సూళగిరి బస్సెక్కాను. జొన్న కంకులు పాలు పోసుకున్నాయి. చిలకలు వాలితే ఏడాది తిండి పోయినట్టే. పక్క సీటులో కూర్చున్నామె నా సంచిలోని వలను వేలితో లాగి చూసింది.

"దీంట్లో కాలు చిక్కితే పిట్ట చచ్చిపోతుంది గదక్కా."

"మరి నా జొన్నలు పోతేనో?" అన్నాను కటువుగా.

ఆమె తన సంచిలోంచి పాత క్యాసెట్టు తీసింది. టేపు బారెడు లాగి, ఒక కొన నా చేతికిచ్చి, కిటికీ గాలికి బిగించి పట్టింది. అది తళతళలాడుతూ జుమ్మని మోగింది. ఉలిక్కిపడి వదిలేశాను.

"నువ్వే బెదిరినావే, చిలకలు బెదరవా?" అని నవ్వింది. "దీంట్లో ఉండేది మా పెళ్ళినాడు పట్టిన మేళం. ఇంట్లో పాడే పెట్టె చెడిపోయింది. చెల్లెలి చేనికని తీసుకపోతా ఉండా. సగం నీకు."

"పెళ్ళి మేళం ఎవురన్నా పంచిపెడ్తారా?" అని కసిరాను.

అప్పటికే పంటితో తెంపి ఇచ్చేసింది.

ఆ వల ఇప్పుడు కాకర పాదుకు పందిరి అయింది, కొన్నదాన్ని పారేస్తానా? గాలి లేస్తే గట్టున కట్టిన మేళం మోగుతుంది, చిలకలు పైపైనే తిరిగి పోతాయి. పిలవని పెళ్ళికి నేనెన్నడూ పోలేదు. ఈ పెళ్ళికి మాత్రం రోజూ పోతున్నాను.