గోడ మీద మా ఇంటిపేరు

నా చిన్నప్పటి ఈ సంగతి మాఘమాసంలో ఒక శుక్రవారం పొద్దున ఏడుంపావుకు మొదలైంది. మా ఊళ్ళో అప్పటికి నడిచే గడియారం మా బడి సారు చేతికి ఒక్కటే ఉండేది కనుక ఆ వేళ ఆయన గడియారం చెప్పిందే. నాకు తొమ్మిదేళ్ళు నిండి రెండు నెలలైంది. మూడో తరగతి చదువుతున్నాను. తారీఖులూ వేళలూ రాసిపెట్టుకోవడం నాకు అలవాటు, మా ఇంట్లోవాళ్ళు దానికి విసుక్కుంటారు కూడా. ఈ ఒక్క వేళను మాత్రం ఎక్కడా రాసుకోలేదు. రాయనక్కర లేకుండానే ఉండిపోయింది.

ఆ వేళకు ఊరి బయట లారీ వచ్చి ఆగింది.

మాది అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా. తెలంగాణ వచ్చి జిల్లాలు విడిపోయాక మా ఊరు నారాయణపేట కిందికి వెళ్ళింది. మా వాడలో ఎవరికీ భూమి ఉండేది కాదు. వానలు సరిగా పడని ఏడు సంక్రాంతి దాటగానే సగం వాడ లారీ ఎక్కి ఎక్కడో దూరాన ప్రాజెక్టుల కాడ మట్టిపనికి పోయేది. మళ్ళీ మిరుగు కార్తెలో, అంటే జూన్‌లో, తొలివాన పడితేనే రావడం. కూలీలను తీసుకుపోయే మేస్త్రీ ముందే వచ్చి లారీ వచ్చే రోజు చెప్పి పోయేవాడు. ఆ ఏడు మా నాయినా అమ్మా పోతున్నారు. వాళ్ళతో నేనూ పోవాలి. మట్టి మోయడానికి కాదు. అమ్మ తట్ట ఎత్తుతుంటే రెండేళ్ళ తమ్ముణ్ణి గట్టు మీద కూర్చొని ఆడించడానికి. అవ్వకు మోకాళ్ళ నొప్పులు కనుక ఇల్లు చూసుకుంటూ ఊళ్ళోనే ఉంటుంది. అదీ ఇంట్లో అనుకున్న మాట.

లారీ ఎక్కిన ఆడపిల్ల మళ్ళీ బడికి రావడం మా వాడలో అప్పటివరకు జరగలేదు. రాకూడదని ఎవరూ అనలేదు. కానీ తిరిగి వచ్చేసరికి తోటివాళ్ళు ఒక తరగతి ముందుకు పోయి ఉంటారు, తనేమో ఒక జానెడు పొడుగై ఉంటుంది, చిన్నపిల్లల మధ్య కూర్చోవడానికి సిగ్గు. ఆ వానాకాలమే నాట్లకు పోతుంది. పక్కింటి అక్క అట్లాగే పోయింది. ఆమె పలకే నా పలక. చెక్క అంచు మీద ఆమె మేకుతో గీసుకున్న పువ్వు బొమ్మ ఉండేది. మేస్త్రీ వచ్చి పోయిన రోజు నుంచి ఆ పలకను తరువాత ఎవరికి ఇస్తారా అని నేను ఆలోచించడం మొదలుపెట్టాను.

మా సారు నల్లగొండ దిక్కు మనిషి. చిట్యాల దగ్గర ఏదో ఊరు. బడికంతటికీ ఆయన ఒక్కడే. బడి గదిని ఆనుకొని ఉన్న చిన్న అర్రలోనే ఉండేవాడు, తనే వండుకునేవాడు. నవ్వడం తక్కువ. ఆయనకు ఒక అలవాటు ఉండేది. బడి బయటి గోడ మీద, దారిన పోయేవాళ్ళకు కనబడేటట్టు, బొగ్గు నూరి ఆకు పసరుతో కలిపి నల్లగా ఒక చదరం అలికించాడు. ప్రతి సోమవారం అక్కడ సున్నపు ముక్కతో బడి వార్తలు రాసేవాడు. కుమ్మరి ఇంటి పిల్లవాడు పదమూడో ఎక్కం తప్పు లేకుండా చెప్పాడని, దర్జీ ఒకాయన జెండా కుట్టి ఇచ్చాడని, ఫలానా అవ్వ మంచినీళ్ళ కుండ ఇచ్చిందని, ఇట్లాంటివి. చేనుకు పోయేవాళ్ళు ఆగి, కనబడ్డ పిల్లవాణ్ణి పట్టుకొని చదివించుకునేవారు. ఎవరి పేరైనా వస్తే వాళ్ళు బోర్డెక్కారని వారమంతా చెప్పుకునేవారు. కుండ ఇచ్చిన అవ్వ పేరు వచ్చిన వారం ఆమె బావి దగ్గర ఎవరితోనూ తగాదా పడలేదని మా అమ్మ నవ్వేది.

లారీ రావలసిన శుక్రవారానికి ముందు సోమవారం, గోడ మీద వార్తల పైన ఒక కొత్త శీర్షిక కనబడింది. బడి సిబ్బంది అని. దాని కింద రెండు వరుసలు. మొదటిది ఉపాధ్యాయుడు, సారు పేరు. రెండోది తలుపు తీసేవారు, నా పేరు. నా పేరంటే ఊళ్ళో పిలిచే పేరు కాదు, ఇంటిపేరుతో సహా పూర్తిగా. ఆ రోజే సాయంత్రం సారు నన్ను పిలిచి తాళం చెవి చేతిలో పెట్టి, రేపటి నుంచి పొద్దున నువ్వే తీయాలని చెప్పాడు. ఆయన ఆ తలుపు పక్కనే పడుకుంటాడు కదా, నేనెందుకు తీయాలని నాకు తట్టలేదు. తట్టిన పెద్దవాళ్ళు ఉండే ఉంటారు, వాళ్ళూ అడగలేదు.

నాలుగు రోజులు నేను ఊళ్ళో సర్కారు మనిషినయ్యాను. బావి దగ్గర ఆడవాళ్ళు నాకు దారి ఇస్తున్నట్టు పక్కకు జరిగి నవ్వేవారు. నా తోటి పిల్లలు నమస్తే మేడం అని వెక్కిరించేవారు. నాయిన పనికి పోయే ఇంటి పటేలు, నీ బిడ్డ బోర్డెక్కిందటగదరా అని అడిగాడట. నాయిన ఇంటికి వచ్చి ఆ మాట అమ్మతో చెప్పాడు, కానీ సంతోషమో చిరాకో ముఖంలో తెలియలేదు. ఆయనకు చదువు రాదు. గోడ దిక్కు పోనూ లేదు. మూటలు మాత్రం కట్టడం ఆపలేదు.

శుక్రవారం లారీ రాగానే నాయిన నన్ను తాళం చెవి సారుకు ఇచ్చి పరుగెత్తుకొని రమ్మన్నాడు. పోయాను. సారు బడి ముందర వేపపుల్లతో పళ్ళు తోముకుంటున్నాడు. గడియారం చూసుకొని ఏడుంపావు అన్నాడు. తాళం చెవి చాపితే తీసుకోలేదు. మీ నాయినను రమ్మను అన్నాడు. అంతే.

నాయిన వచ్చాడు. వెనక లారీ హారన్ మోగుతూనే ఉంది. ఎక్కవలసినవాళ్ళు, సాగనంప వచ్చినవాళ్ళు కొందరు ఏమైందోనని వెంట వచ్చారు. సారుతో ఎప్పుడూ తల ఎత్తి మాట్లాడని మా నాయిన ఆ రోజు కొంచెం గట్టిగానే అన్నాడు.

"సారూ, లారీ ఆగది. చెవి తీసుకోండ్రి. అయినా ఆ తాళానికి చెవెందుకు, మేక రాసుకుంటె ఊడుతది."

జనం నవ్వారు. సారు నవ్వలేదు.

"ఊడుతది. కాని గోడ మీద పిల్ల పేరున్నది. పేరున్నన్ని దినాలు చెవి ఆమెదే. పేరు తుడిస్తె తీసుకుంట."

"మరి తుడువుండ్రి."

"రాసుడు నా పని. తుడుసుడు నా తోని కాదు. నువ్వు తుడువు."

ఇట్లా అని లోపలికి పోయి, బోర్డు తుడిచే గుడ్డను నీళ్ళలో ముంచి పిండి తెచ్చి నాయిన చేతిలో పెట్టాడు. నాయిన గుడ్డ పట్టుకొని గోడ దగ్గరికి పోయాడు. అక్కడే నిలబడిపోయాడు. ఆ నల్లటి చదరం నిండా తెల్లటి రాతలే. కాసేపు చూసి, జనానికి వినబడకుండా మెల్లగా నన్ను అడిగాడు.

"ఏది నీది?"

నేను వేలు పెట్టి చూపించాను.

"గింత పొడుగున్నదేంది?"

"ముందటిది మన ఇంటిపేరు నాయినా. దాని ఎనక నేను."

"ఇంటిపేరు ఏడి దాంక?"

చూపించాను. మా ఇంటిపేరు పెళ్ళి మాటలు మాట్లాడుకునేటప్పుడు తప్ప ఎవరి నోటా వినబడేది కాదు. ఊరు మా నాయినను సగం పేరుతో పిలిచేది, అది కూడా 'రా' చేర్చి. ఇప్పుడు అది సారు పేరు కింద, సారు పేరంత అక్షరాలలో, దారికి ఎదురుగా ఉంది. నాయిన గుడ్డ ఉన్న చేయి వెనక్కి పెట్టుకొని, రెండో చేతి వేలితో మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, సున్నం చెరిగిపోకుండా గాలిలోనే రాసినట్టు గీశాడు. గుంపులోంచి ఎవరో ఆడమనిషి, తుడుస్తవా ముగ్గేస్తవా మామా, లారీ పోతాంది అని కేకేసింది. నాయిన ఆమె దిక్కు చూడలేదు. గుడ్డ తెచ్చి సారుకు ఇచ్చాడు.

"నా ఇంటిపేరు నా చేత్తోని ఎట్ల తుడుస్త సారూ."

సారు గుడ్డ తీసుకొని కిటికీ ఊచకు ఆరేశాడు. మంచిపని చేశావనో, చదువు గొప్పదనో ఒక్క ముక్క కూడా అనలేదు. ఆ మాటలు ఏవైనా అని ఉంటే నాయిన మళ్ళీ తిరిగేవాడేమో అని నాకు ఇప్పటికీ అనుమానం.

లారీ దగ్గర అమ్మ తమ్ముణ్ణి చంకలో పెట్టుకొని నిలబడి ఉంది. నాయిన ఏం చెప్పాడో నేను వినలేదు. చెవి నా చేతిలోనే ఉండడం చూసి ఆమె సంగతి గ్రహించింది. నేను లేకపోతే తమ్ముణ్ణి అక్కడ చూసేవాళ్ళు లేరు. ఆమె ఏడవలేదు. వాణ్ణి అవ్వ చంకకు మార్చింది, వాడి మొలతాడు సరిచేసింది, లారీ చక్రం మీద కాలు పెట్టి పైకి ఎక్కింది. ఎక్కాక నా దిక్కు వంగి, "జల్ది లేచి తలుపు తియ్యి. ఊరంత సూస్తది" అంది. లారీ కదిలింది. దుమ్ము తగ్గేదాకా నేనూ అవ్వా అక్కడే ఉన్నాం. తరువాత పోయి తలుపు తీశాను.

మరుసటి సోమవారం సారు వార్తలన్నీ తుడిచి కొత్తవి రాశాడు. పైన రెండు వరుసలు మాత్రం ముట్టుకోలేదు. ఎండాకాలం సెలవుల్లో కూడా వారానికోసారి వాటిని మళ్ళీ దిద్ది పెట్టమని నాకు సున్నపు ముక్క ఇచ్చి పోయాడు. తమ్ముణ్ణి తోడు తీసుకొని దిద్దేదాన్ని.

మిరుగు పడ్డ మూడో రోజు లారీ తిరిగి వచ్చింది. నాయిన తల మీద మూట దించకుండా, ఇంటికి రాకుండా, నేరుగా బడి గోడ దగ్గరికి పోయాడు. పేరు ఉంది. ఈసారి ఏది అని ఎవరినీ అడగలేదు. చూసి, ఊపిరి వదిలి, ఉన్నది పో అన్నాడు. ఆ మాట ఎవరితో అన్నాడో తెలియదు, పక్కన నేను తప్ప ఎవరూ లేరు. నాలుగో తరగతికి నన్ను పంపాలా వద్దా అన్న మాట మా ఇంట్లో ఆ తరువాత ఎప్పుడూ రాలేదు.

నేను టీచరునై, హెడ్‌మిస్ట్రెస్‌గా పదవీ విరమణ చేసి ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో ఉంటున్నాను. మా మండలం బళ్ళ వార్తలు ఇప్పుడు ఫోన్‌లో గ్రూపులో వస్తాయి. ఏటా సెప్టెంబరు ఐదున సిబ్బందిలో కొందరికి శాలువాలు కప్పుతారు, మరునాడు పేపర్లో జిల్లా పేజీలో చిన్న ఫోటో పడుతుంది. ఎవరికి కప్పాలో తేల్చే రోజు నన్నూ పిలుస్తారు. మొన్న మా ఊరి హైస్కూలు వాళ్ళు పిలిచారు. పదో తరగతి ఫలితాలు తెచ్చిన లెక్కల సారు పేరు అందరూ చెప్పారు. ఆయనకు కప్పండి, అర్హుడే అన్నాను. ఆ తరువాత, ప్రతి ఏడూ అడిగే ప్రశ్నే అడిగాను. మీ బళ్ళో ఎవరు వదిలి పోదామనుకుంటున్నారు అని.

హెడ్‌మాస్టరు, కొత్తగా వచ్చిన తెలుగు టీచరమ్మ రెండు బస్సులు మారి వస్తూ అలసిపోయి, వేరే చోటికి డెప్యుటేషన్ అడుగుతోందని చెప్పాడు. ఆమె ఇంకా ఏమీ సాధించలేదు కదా మేడం అని కూడా అన్నాడు. నేను ఆరో తరగతి పిల్లలను పిలిపించి అడిగాను. ఆమె వచ్చాక గట్టిగా చదవడానికి భయం పోయిందని ఇద్దరు చెప్పారు. ఆ మాటే ఉన్నదున్నట్టు రాసి, ఇంటిపేరుతో సహా ఆమె పేరు పూర్తిగా గ్రూపులో వేయమన్నాను. వేశారు. నిన్న గ్రూపులో చూశాను, డెప్యుటేషన్ అడిగిన కాగితం వెనక్కి తీసుకుందట. చదివి ఫోన్ పక్కన పెట్టి, అన్నం తిన్నాను. ఆ పూట రుచిగా అనిపించింది.

పని అంతా అయ్యాక చేసే సన్మానాలు చాలా చూశాను, మంచివే. కానీ కాలు బయట పెట్టిన మనిషి పేరు ముందుగానే గోడ మీద రాయవచ్చునని నాకు తెలిసింది ఆ శుక్రవారం. ఆ సారు మరుసటి ఏడే బదిలీ అయి పోయాడు. పోయేముందు గోడ మీద తన పేరు మాత్రం తుడిచి పోయాడు.

దీనంతటిలో పోయినవి లెక్క చూసుకుంటే ఇవి. ఒక ఎండాకాలం పాటు అమ్మ చేతి ముద్ద. తిరిగి వచ్చిన అమ్మను గుర్తుపట్టక, తమ్ముడు అవ్వనే అమ్మా అని పిలిచిన ఒక నెల. తరువాత కొత్త భవనం కట్టినప్పుడు పడగొట్టిన ఆ గోడ. సారుకు మేము కప్పకుండా ఉండిపోయిన శాలువా ఒకటి.

ఇంకేమీ పోలేదు.